మిడత నోటిని విడదీసి దవడల పని చూడటం ఎలా?

"పుస్తకంలోని బొమ్మలో భాగాలన్నీ విడివిడిగా శుభ్రంగా ఉన్నాయి. నేను విప్పితే గోధుమరంగు ముద్ద ఒకటి మిగిలింది. తప్పు ఎక్కడ జరిగింది?" ఈ ప్రశ్న నాకు పదేపదే వస్తోంది. దాని వెనకే ఇంకొకటి: "దవడ దొరికింది సరే, దాన్ని చూసి ఆ పురుగు ఏం తింటుందో చెప్పడం ఎలా?"

మొదటి ప్రశ్నకు జవాబు వరసలో ఉంది. నోటి భాగాలు ఒకదాని వెనక ఒకటి పొరలుగా అమరి ఉంటాయి. ముందున్నది తీయకుండా వెనకదాన్ని లాగితే అన్నీ చిరిగిపోతాయి. రెండో ప్రశ్నకు జవాబు, విప్పడానికి ముందు ఆ పురుగును తిననిచ్చి చూడటంలో ఉంది. చాలామంది వదిలేసేది ఈ పనినే. తింటుండగా చూడని దవడ చేతికి వచ్చాక కూడా ఒక నల్లటి పెంకు ముక్కే. అందుకే ఈ పద్ధతి కత్తెరతో కాక ఆకుతో మొదలవుతుంది.

మొదటిసారి చేసేవారు మిడతనే తీసుకోండి. తల పెద్దది, పెంకు గట్టిది. కొరికి నమిలే నోటిలో ఉండాల్సిన భాగాలన్నీ దానిలో పూర్తిగా ఉంటాయి. కీచురాయి, బొద్దింక కూడా పనికొస్తాయి. అయితే బొద్దింక కొందరికి అలర్జీ తెప్పిస్తుంది కాబట్టి చేతి తొడుగులు లేకుండా దాన్ని ముట్టుకోవద్దు.

కావలసినవి

- బాగా ఎదిగిన పెద్ద మిడత ఒకటి. రెండు ఉంటే ఇంకా మంచిది.
- సన్నని మొనలున్న ఫోర్సెప్స్ రెండు. ఒకటే ఉంటే రెండో చేతిలో సూది పట్టుకోవచ్చు.
- పుల్లలకు గుచ్చిన సన్నని సూదులు రెండు, మొన పదునైన చిన్న కత్తెర ఒకటి.
- 10 రెట్లు పెద్దదిగా చూపే భూతద్దం. స్టీరియో మైక్రోస్కోప్ అందుబాటులో ఉంటే 10 నుంచి 40 రెట్లు చాలు. అంతకంటే ఎక్కువ పెంచితే చూపు పరిధి చిన్నదై చేతులు ఎక్కడున్నాయో తెలియదు.
- మైనం పోసిన పళ్లెం లేదా థర్మోకోల్ ముక్క, గుండుసూదులు.
- తెల్ల కార్డు, నీటిలో కరిగే జిగురు, పెన్సిల్.
- 70 శాతం ఆల్కహాల్, కొద్దిగా గ్లిజరిన్.
- చేతి తొడుగులు, పక్క నుంచి పడే మంచి వెలుతురు.

1. ముందు తిననివ్వండి

మిడతను ఏ మొక్క మీద పట్టుకున్నారో ఆ మొక్క ఆకునే తెచ్చి, గాలి ఆడే మూత ఉన్న గాజు సీసాలో పెట్టండి. రెండు మూడు గంటలు ఆకలితో ఉంచి తర్వాత ఆకు ఇస్తే త్వరగా తినడం మొదలుపెడుతుంది. ఫోన్లో స్లో మోషన్ వీడియో తీయగలిగితే తప్పక తీయండి, కంటికి అందని కదలికలు అందులో దొరుకుతాయి.

చూడాల్సినవి ఇవి. కొరకడానికి ముందు నోటి పక్కన వేలాడే చిన్న అవయవాలు ఆకును గబగబా తడుతూ రుచి చూస్తాయి. వీటిని పాల్ప్‌లు అంటారు. తర్వాత మిడత ఆకు అంచును నోట్లోకి ఇరికించుకుంటుంది. పై పెదవి అంచు మధ్యలో ఒక చిన్న నొక్కు ఉంటుంది. ఆకు అంచు సరిగ్గా అందులో కూర్చుంటుంది. అప్పుడు దవడలు తెరుచుకుంటాయి, పైకీ కిందికీ కాదు, కుడి ఎడమలకు. మన నోటికి అలవాటు పడిన కంటికి ఇది మొదట నమ్మశక్యంగా ఉండదు. ఒక్కో కొరుకుకూ తల కొద్దిగా కదులుతూ ఆకు మీద విల్లులాంటి వంపు పడుతుంది. వంపు చివరికి వచ్చాక తల వెనక్కి వెళ్లి మళ్లీ మొదలుపెడుతుంది.

తిన్న ఆకును పారేయకండి. కొరికిన అంచును భూతద్దంలో చూసి పక్కన పెట్టుకోండి, తర్వాత అవసరం పడుతుంది.

హెచ్చరిక: చేత్తో పట్టుకుంటే మిడత నోటి నుంచి గోధుమరంగు ద్రవం కక్కుతుంది. అది రక్తం కాదు, సగం అరిగిన తిండి. తనను తాను కాపాడుకోవడానికే అలా చేస్తుంది. బట్టల మీద పడితే మరక పడుతుంది.

2. ఫ్రీజర్లో పెట్టండి

మూత బిగించిన డబ్బాలో రాత్రంతా ఫ్రీజర్లో ఉంచండి. కొద్దిసేపు మాత్రమే ఉంచితే మిడత చలికి మొద్దుబారుతుందే తప్ప చావదు. బయటకు తీసి గది వేడికి వచ్చాక కాళ్లు ఏమాత్రం కదిలినా మళ్లీ లోపల పెట్టండి. ప్రాణం ఉన్నదాన్ని కోయవద్దు.

మంచు వదిలాక అదే పూట పని మొదలుపెట్టండి. అప్పుడు కీళ్లు మెత్తగా ఉంటాయి. ఆలస్యం తప్పకపోతే ఆల్కహాల్లో వేసి ఉంచవచ్చు గానీ, అందులో కీళ్లు బిగుసుకుంటాయి. అలాంటిదాన్నీ, ఎండి దొరికినదాన్నీ వేడి నీటిలో అరగంట నుంచి కొన్ని గంటలు నానబెట్టి, దవడ కదులుతోందని సూదితో తేల్చుకున్నాకే ముందుకు వెళ్లండి. పురుగుమందు చల్లిన చోట చచ్చిపడి ఉన్నవాటిని మాత్రం తీసుకోవద్దు.

3. తలను నిలబెట్టండి

మెడ దగ్గరి మెత్తటి పొరను కత్తెరతో కోసి తలను వేరు చేయండి. ముఖం మీ వైపు, నోరు కిందికి ఉండేలా మైనంలో కూర్చోబెట్టి, తల వెనక నుంచి రెండు గుండుసూదులు ఆనించండి. తలలోకి గుచ్చవద్దు. దవడ కండరాలు తలలో చాలా భాగాన్ని నింపి ఉంటాయి, సూది వాటిని నలిపేస్తుంది.

ఇప్పుడే కార్డు మీద రాసి పెట్టుకోండి: పురుగు ఎడమ, మీకు కుడి. ఇది రాయకుండా మొదలుపెట్టిన పనిలో కుడి ఎడమలు దాదాపు ఎప్పుడూ తారుమారవుతాయి.

4. పై పెదవిని తీయండి

ముఖం కింది భాగంలో పలకలా వేలాడేది పై పెదవి. దాని కింది అంచు నుంచి సూది దూర్చి పైకి ఎత్తండి, తలుపులా లేస్తుంది. అది ముఖానికి అతుక్కున్న గీత వెంట కత్తెరతో కోసి తీసేయండి. తిప్పి చూస్తే లోపలి వైపు మెత్తగా, సన్నని నూగుతో ఉంటుంది. రుచి తెలిసే స్థలాల్లో అదొకటి.

తొందరపడి మొత్తం ముఖాన్నే ఎత్తేస్తే దవడల ముందు కీళ్లు విరిగిపోతాయి. గీత కనిపించకపోతే వెలుతురు పక్క నుంచి పడేలా మార్చండి.

5. దవడలను కదిపి చూడండి, ఇంకా తీయకండి

పై పెదవి పోయాక నల్లగా, నిగనిగలాడుతూ కనిపించే జత దవడలే. పుస్తకాల్లో వీటిని హనువులు అంటారు. వీటికి కణుపులు ఉండవు, పాల్ప్‌లు ఉండవు. ఒక్కోటీ ఒకే గట్టి ముక్క.

సూది మొనతో ఒక దవడను బయటికి తోయండి. తర్వాత ముందుకూ, వెనక్కూ తోసి చూడండి. పక్కకు తప్ప ఎటూ పోదు. కారణం దాని కీళ్లు. ప్రతి దవడకు ముందొకటి, వెనకొకటి రెండు కీళ్లు ఉంటాయి. రెండు చోట్ల పట్టు ఉన్నది ఒక్క అక్షం మీదే తిరగగలదు. ఈ కట్టుబాటు వల్లనే దవడకు గట్టి ఆకును కత్తిరించేంత బలం వస్తుంది.

రెండో మిడత ఉంటే ఈ దశలో ఒక్క పని అదనంగా చేయండి. దాని నడినెత్తి పెంకును కత్తెరతో తెరవండి. లోపల తెల్లని కండరాల పోగులు, వాటి మధ్య పలచని పలకలాంటి స్నాయువు (కండరాన్ని దవడకు కలిపే పట్టీ) కనిపిస్తాయి. ఆ స్నాయువును ఫోర్సెప్స్‌తో పట్టి నెమ్మదిగా పైకి లాగితే కింద దవడ మూసుకుంటుంది. వదిలితే తనంతట తాను పూర్తిగా తెరుచుకోదు, తెరవడానికి వేరే చిన్న కండరం ఉంది. మూసే కండరం ఎంత లావో, తెరిచేది ఎంత సన్నమో పక్కపక్కన చూడండి. కొరకడం మూయడంలో జరిగే పని కాబట్టి బలమంతా అటువైపే ఉంది. ఈ పద్ధతి మొత్తంలో ఒక్కటే చేయగలిగే సమయం ఉంటే నేను దీన్నే చేయమంటాను.

6. దవడలను తీయండి

దవడ బయటి మూలలో, అది చెంపకు తగిలే చోట సూది మొన దూర్చి కీలు సడలించండి. తర్వాత దవడ అడుగుభాగాన్ని ఫోర్సెప్స్‌తో పట్టి, అటూ ఇటూ కొద్దిగా ఊపుతూ కిందికి లాగండి. పళ్ల వైపు పట్టుకోవద్దు, జారిపోతుంది, అంచు కూడా పెళుసుగా విరుగుతుంది.

లోపలి మూలకు తెల్లటి పలక, దాన్ని అంటుకుని కండరపు పోగులు వేలాడుతూ వస్తే సరిగ్గా తీశారని అర్థం. దాన్ని కత్తిరించకండి, అదే మూసే స్నాయువు. కార్డు మీద ఎడమది ఎడమ వైపే పెట్టండి. రెండింటినీ పోల్చితే ఒకదానికి ఒకటి అద్దంలో ప్రతిబింబంలా ఉండవు. మూసినప్పుడు ఎక్కువగా ఎడమది కుడిదాని మీదికి వస్తుంది, అందుకు తగ్గట్టు పళ్ల అమరిక కూడా వేరు.

7. జంభికలను తీయండి

దవడల వెనక ఉన్న రెండో జత ఇవి. వీటి పని ఆకును కోయడం కాదు. దవడలు తెరుచుకున్న క్షణంలో ముక్క జారిపోకుండా పట్టి లోపలికి తోయడం వీటి వంతు. ఒక్కో జంభికలో మొనతేలిన లోపలి తమ్మె, దాన్ని కప్పే మెత్తటి బయటి తమ్మె, అయిదు కణుపుల పాల్ప్ ఉంటాయి.

ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. పాల్ప్ పొడుగ్గా, చేతికి అందేలా ఉంటుంది కాబట్టి దాన్నే పట్టి లాగుతారు, అది ఒక్కటే ఊడి వస్తుంది. జంభిక మొదలు తల వెనక వైపు, కింది పెదవి పక్కన ఉంటుంది. తలను పక్కకు తిప్పండి. ఆ రెండింటి మధ్య ఉన్న మెత్తటి పొరను సూదితో చీల్చి, మొదలు దగ్గర పట్టి తీయండి.

8. నాలుక, కింది పెదవి

మధ్యలో మెత్తగా, లేత రంగులో మిగిలే బొడిపెను మాంసం ముక్క అనుకుని తుడిచేస్తుంటారు. అది నాలుక లాంటి భాగం, పుస్తకాల్లో అధోగ్రసని అని ఉంటుంది. లాలాజలం దానికీ కింది పెదవికీ మధ్య నుంచి నోట్లోకి వస్తుంది. దాని మొదలును కత్తెరతో కోసి విడిగా పెట్టండి.

చివరిది కింది పెదవి. రెండు అవయవాలు మధ్యలో కలిసిపోయి ఒకటైనట్టు ఉంటుంది, దానికి మూడు కణుపుల పాల్ప్‌లు ఒక జత. తల వెనక అంచు వెంట కోస్తే ఒకే ముక్కగా వస్తుంది.

9. కార్డు మీద పేర్చండి

పైన పై పెదవి, దాని కింద రెండు దవడలు, వాటికి కాస్త బయటగా రెండు జంభికలు, నడుమ నాలుక, అడుగున కింది పెదవి. చిన్న జిగురు బొట్టు మీద ప్రతి ముక్కనూ ఆనించండి. పాల్ప్‌లు ఎండేటప్పుడు ముడుచుకుంటాయి. వాటి మీద పలచని కాగితం, దాని మీద గాజు స్లైడ్ పెట్టి ఒక రోజు ఉంచండి.

సరిగ్గా వచ్చిందో లేదో లెక్క

ముక్కలు ఏడు ఉండాలి: పై పెదవి ఒకటి, దవడలు రెండు, జంభికలు రెండు, నాలుక ఒకటి, కింది పెదవి ఒకటి. పాల్ప్‌లు మొత్తం నాలుగు, పొడవువి రెండు, పొట్టివి రెండు. ఆరే ముక్కలు ఉంటే తప్పిపోయింది దాదాపు ఎప్పుడూ నాలుకే. ఫోర్సెప్స్ మొనకో, కింది పెదవి లోపలి వైపుకో అంటుకుని ఉంటుంది, వెతకండి. ఎనిమిది వస్తే కింది పెదవి మధ్యకు చీలి ఉంటుంది, లేదా జంభిక ముక్కలై ఉంటుంది. పాల్ప్ కణుపులు లెక్కపెడితే ఏ ముక్క దేనిదో తేలిపోతుంది.

దవడను చూసి తిండిని చెప్పడం

దవడ చివర కత్తిరించే అంచు, అడుగున నూరే భాగం ఉంటాయి. గడ్డి తినే మిడతల్లో కత్తిరించే అంచు ఉలిలా మొద్దుగా, వెడల్పుగా ఉంటుంది. నూరే భాగం మీద తిరగలి రాతి గాడుల్లా వరస గట్లు ఉంటాయి. వెడల్పాటి ఆకుల మొక్కలు తినేవాటిలో అంచున మొనతేలిన పళ్లు, నూరే భాగంలో చిన్న గుంట, దాని చుట్టూ బొడిపెలు కనిపిస్తాయి. ఇప్పుడు దాచిపెట్టిన ఆకును పక్కన పెట్టి పోల్చండి.

ఇక్కడ ఒక పెద్ద పొరపాటుకు దారి ఉంది. గడ్డిలో సిలికా ఉంటుంది, అది దవడ పళ్లను అరగదీస్తుంది. పిల్ల పురుగు కుబుసం విడిచిన ప్రతిసారీ కొత్త దవడ వస్తుంది. పెద్దది మళ్లీ కుబుసం విడవదు కాబట్టి దానిలో అరుగుదల అలాగే మిగిలిపోతుంది. అంటే మొద్దుగా కనిపించినంత మాత్రాన అది గడ్డి దవడ అని చెప్పలేం. అరిగిన అంచు మీద మెరిసే చదునైన మచ్చలు, సన్నని గీతలు ఉంటాయి. పుట్టుకతోనే మొద్దుగా ఉన్న అంచు నున్నగా గుండ్రం తిరిగి ఉంటుంది. అనుమానం వస్తే నూరే భాగాన్ని నమ్మండి, లేదా అదే రకం పిల్ల పురుగు దవడను చూడండి.

ఇతర పురుగులకు కూడా ఇదే చూపు పనికొస్తుంది. వేటాడే పెంకుపురుగుల దవడలు కొడవలిలా పొడుగ్గా, మొన పదునుగా ఉంటాయి, నూరే భాగం అంతంత మాత్రమే. కొన్ని పురుగుల దవడ అంచులో జింకు, మాంగనీసు లాంటి లోహాలు చేరి దాన్ని మరింత గట్టిపరుస్తాయి. మిడతల్లో, చెదపురుగుల్లో, ఆకులు కోసే చీమల్లో జింకు ఉంది.

పెద్ద దవడ కనిపిస్తే పెద్ద తిండి అనుకోవద్దు. కొమ్ముల్లాంటి దవడలున్న స్టాగ్ బీటిల్ అనే పెంకుపురుగుల్లో మగవి వాటితో తినవు, ఒకదానితో ఒకటి పోట్లాడతాయి. అలాగే ఆకు అంచున గుండ్రంగా, కంపాస్‌తో గీసినట్టు కోత కనిపిస్తే దాన్ని తిన్న గుర్తుగా లెక్కించకండి. ఆకులు కోసే తేనెటీగలు గూడు కట్టుకోవడానికి అలా కోసుకుపోతాయి.

చిన్న తలలకు పొటాషియం హైడ్రాక్సైడ్

చీమ, చిన్న పెంకుపురుగు లాంటివాటిని సూదులతో విప్పడం కష్టం. వాటి తలను 10 శాతం పొటాషియం హైడ్రాక్సైడ్ ద్రావణంలో రాత్రంతా ఉంచితే మెత్తటి కణజాలం కరిగి పెంకు మాత్రం మిగులుతుంది. 100 మిల్లీలీటర్ల నీటికి సుమారు 10 గ్రాములు చాలు. నీటిలో కొద్దికొద్దిగా వేయండి, దాని మీద నీళ్లు పోయవద్దు, బాగా వేడెక్కి చిందుతుంది. కళ్లకు రక్షణ అద్దాలు, చేతి తొడుగులు తప్పనిసరి. అల్యూమినియం గిన్నె వాడవద్దు, ఈ క్షారం దాన్ని తినేస్తుంది. మంట మీద నేరుగా కాచవద్దు. పిల్లలు చేస్తుంటే ఈ భాగం పెద్దవారే చేయాలి.

తల లేత గోధుమరంగుకు మారి, నొక్కితే లోపలి ద్రవం బయటికి వస్తే చాలు, తీసేయండి. ఇంకా ఉంచితే పెంకు కూడా పాలిపోయి నూగు ఊడుతుంది. నీళ్లతో రెండు మూడు సార్లు కడిగి, ఒకసారి కొద్దిగా వెనిగర్ కలిపిన నీటిలో ముంచి, గ్లిజరిన్ బొట్టులో పెట్టి చూడండి. కండరాలు, స్నాయువులు చూడాలనుకున్న తలకు ఈ మందు వాడకండి, అవన్నీ కరిగిపోతాయి.

దవడ దొరకడం లేదంటే

నల్లుల్లో, పేనుబంకలో దవడ వెతికి లేదనుకునేవారు చాలామంది. ఉంది, రూపం మారింది. తల కింద మడిచిన గొట్టాన్ని సూదితో ఎత్తి, దాని గాడిలోంచి సన్నని పోగులను మెల్లగా లేపండి. నాలుగు వస్తాయి. బయటి రెండు దవడలు, లోపలి రెండు జంభికలు. లోపలి రెండూ ఒకదానికొకటి కరుచుకుని రెండు సన్నని దారులు ఏర్పరుస్తాయి. ఒక దారిలో లాలాజలం లోపలికి, ఇంకొక దారిలో రసం పైకి. గొట్టంలా కనిపించేది కింది పెదవి, అది ఒర మాత్రమే, మొక్కలోకో చర్మంలోకో దిగదు.

ఆడ దోమ తలను గ్లిజరిన్లో కవర్ స్లిప్ కింద పెట్టి చాలా తేలికగా జరిపితే ఒర నుంచి ఆరు సూదులు విడివడతాయి. మగ దోమలో ఈ ప్రయత్నం చేయకండి, అది కుట్టదు, దవడలు సరిగా ఎదిగి ఉండవు.

సీతాకోకచిలుక నోటి దగ్గర చుట్టగా ఉండే గొట్టాన్ని వేడి నీటిలో నానబెట్టి, చుట్ట నడుమ గుండుసూది పెట్టి విప్పండి. అది రెండు జంభికల బయటి తమ్మెలు పొడుగ్గా సాగి అతుక్కోగా ఏర్పడిన గొట్టం. పొడిగా ఉన్నప్పుడు లాగితే పుటుక్కున తెగుతుంది. ఇంటి ఈగలో మాత్రం నిజంగానే దవడలు లేవు. తాజాగా చచ్చిన ఈగ తలను పక్కల నుంచి నొక్కితే ముడుచుకున్న తొండం బయటికి వచ్చి, చివర మెత్తటి దిండ్లు రెండు తెరుచుకుంటాయి. వాటి మీది సన్నని కాలువలు 40 రెట్ల దగ్గర బాగా కనిపిస్తాయి.

కార్డును దాచే ముందు

పెన్సిల్‌తో ఈ వివరాలు రాయండి: పురుగు పేరు తెలిస్తే పేరు, పట్టుకున్న తేదీ, చోటు, ఆడో మగో, పిల్లదో పెద్దదో, ఏ మొక్క తింటుండగా చూశారో. సిరాతో రాస్తే ఆల్కహాల్ తగిలి చెరిగిపోతుంది. తిన్న ఆకును కాగితాల మధ్య అదిమి ఆరబెట్టి, కార్డు వెనక అతికించండి. గట్టి మూత ఉన్న డబ్బాలో పొడిగా ఉంచి, అప్పుడప్పుడు తెరిచి చూడండి. కార్డు కింద సన్నని గోధుమరంగు పొడి రాలి ఉంటే, ఎండిన పురుగులను తినే చిన్న పెంకుపురుగుల పిల్లలు లోపల చేరాయని అర్థం. డబ్బాను అలాగే మూసి రెండు వారాలు ఫ్రీజర్లో పెట్టండి.